కెజియా వెళ్లే బడి

ఫోను పెట్టేశాక కూడా శాలేమురాజు దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. సంతోషం బయటపడకుండా ఆయన పడుతున్న అవస్థ వంటింటి గుమ్మంలోంచి హెప్సిబాకి కనపడుతూనే ఉంది. నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సీటిచ్చారు."

"ఎవరికి?"

"ఎవరికేంటి, మన కెజియాకి. సగం పేపరు రాసి లేచిపోయింది కదా నిన్న. ఆ రాసిన సగంలో ఒక్క తప్పు లేదంట. ప్రిన్సిపాల్ గారే చేశారు ఫోను. సోమవారం తీసుకొచ్చి చేర్పించమన్నారు."

"మిగతా సగం ఎందుకు రాయలేదో అడిగారా?"

"ఎందుకడుగుతారు? చిన్నపిల్ల, కంగారుపడి ఉంటుందనుకున్నారు. అదీ మన మంచికే."

"కంగారుపడలేదండి అది. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఆయన ఫోను జేబులో వేసుకున్నాడు.

తెలియకేం. తెనాలి బైపాసు పక్కన, ఎండపడితే కళ్లు చెదిరే అద్దాల మేడలో ఆ పెద్ద స్కూలు. ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష. ముందు బెంచీలో ఒక పిల్ల లెక్క రాక ఏడుస్తుంటే, కాపలా ఉన్న మేడమ్ విసుక్కుని ఆ పిల్లని వరండాలోకి పంపి గోడ పక్కన నిలబెట్టింది. కెజియా కాసేపు చూసింది. పెన్నుకి మూత పెట్టి, పేపరు మడతపడకుండా బల్ల మీద ఉంచి, వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. గంట కొట్టేవరకూ రాలేదు.

"ఒక్కమాట చెప్తాను, విను హెప్సీ," అన్నాడు శాలేమురాజు, కుర్చీ లాక్కుని. "ఎవరు ఏడ్చినా లేచి వెళ్లిపోతుంటే ఇదెక్కడ కూర్చుని చదువుకుంటుంది? అయిదో తరగతి వరకూ సరే. ఆ చిన్న బళ్లో టీచర్లు ముద్దుచేశారు. ఇక మీదట అలా కుదరదు. అక్కడైతే పోటీ ఉంటుంది. కాస్త గట్టిపడుతుంది."

"గట్టిపడకపోతే?"

"గట్టిపడుతుంది. ఎంతమంది పిల్లల్ని చూశాను నేను."

ఈ మాట ఆయన అనగలడు. తెనాలికి దగ్గర్లోనే ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. పదో తరగతిలో ఆయన సబ్జెక్టు తప్పినవాళ్లు లేరని చర్చిలో పాస్టరుగారు కూడా ఒకసారి అందరి ముందూ మెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం గొంతెత్తే మనిషి కాదు. ఆదివారం ఆరాధనలో తబలా వాయించి వచ్చాక, కెజియా వీపు మీద అవే దరువులు వేలి కొసలతో మెత్తగా వేస్తూ నిద్రపుచ్చుతాడు.

"నేనివాళ రేపల్లె వెళ్తున్నానండి," అంది హెప్సిబా. "వదినగారితో మాట్లాడొస్తా. వాళ్ల హాస్టల్ స్కూలు చూసొస్తా. దాన్నీ తీసుకెళ్తా."

"మొదటికే వచ్చావ్. మా అక్క దగ్గర పెడితే ఇది ఇంకా మెత్తబడిపోతుంది. ప్రార్థనలూ పాటలూ తప్ప ఏం ఉంటుంది అక్కడ?"

"ఉండనీండి. చూసొస్తా."

"సోమవారం చేర్చాలి హెప్సీ!"

"సోమవారం ఇంకా రాలేదుగా."

రెండో శనివారం. ఆమె పనిచేసే బ్యాంకుకీ సెలవే, ఆయన బడికీ సెలవే. స్కూళ్లన్నీ మొన్ననే తెరిచారు. వీధిలో పిల్లలందరూ కొత్త బ్యాగులతో వెళ్లిపోతుంటే కెజియా ఒక్కతే ఇంట్లో మిగిలింది. ఇప్పుడు వెనక వరండాలో బోర్లా పడుకుని, తన పళ్లెంలోని ఉప్మాలో జీడిపప్పులు మాత్రం ఏరుకుని తిని, మిగతాది గోడవార చీమలకి కొంచెం కొంచెంగా పెడుతోంది.

"తిన్నావా?" అంది తల్లి.

"ఆఁ, తినేశా," అంది కెజియా. ఇలాంటి అబద్ధాలు ఆ పిల్ల ఏమాత్రం తొణక్కుండా ఆడగలదు.

* * *

రేపల్లె పాసింజరు తెనాలి స్టేషన్ వదిలేసరికి మబ్బు పట్టింది. ఎండ పోలేదు, వాన రాలేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురు పాలల్లో ముంచి తీసినట్టుంది. రెండు పక్కలా ఇంకా దున్నని పొలాలు, నెర్రెలు విచ్చి, ఎవరో వచ్చి లేపుతారని నిద్రపోతున్నట్టున్నాయి. బండి ఊగుతుంటే కెజియా గడ్డం కిటికీ ఊచ మీద ఆనించి, కళ్లు సగం మూసింది.

"నిద్రొస్తోందా?"

"లేదమ్మా. రాత్రి వచ్చిన కలని చూసుకుంటున్నా."

"ఏం కల?"

"బడంతా నీళ్లల్లో ఉంది. బాపట్లలో అమ్మమ్మ తీసుకెళ్లిందే, ఆ సముద్రంలాంటి నీళ్లు. బల్లలూ, బోర్డూ, టీచర్లూ అందరూ లోపలే ఉన్నారు. కోప్పడినా వినపడట్లేదు. నోట్లోంచి బుడగలొస్తున్నాయంతే. పిల్లలు ఆ బుడగల్ని పట్టుకుంటున్నారు."

హెప్సిబాకి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అడిగింది.

"నిన్న ఆ అమ్మాయితో ఏం మాట్లాడావు?"

"ఏం మాట్లాడలేదు."

"అంతసేపూ?"

"తను గోడ మీద వేలితో గీతలు గీసింది. నేనూ గీశా. మాట్లాడితే ఏడుపు ఎక్కువవుద్ది కదమ్మా."

"నీకు భయం వెయ్యలేదా?"

కెజియా ఆలోచించింది. "వేసింది. కాళ్లు వణికాయి. కానీ లోపల కూర్చుంటే ఇంకా వణుకుతున్నాయి."

ఎదురు సీట్లో పంచె కట్టుకున్న ఒక పెద్దాయన ఈ మాటలేవీ పట్టించుకోకుండా వేమూరు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు. బండి నెమ్మదించాక ఒక్కసారిగా లేచి నిలబడి, "అదిగో పాపా, చూడు చూడు, కాలవకి నీళ్లొచ్చేశాయి!" అన్నాడు.

నిజమే. ఎండిన కాలవ అడుగున, ఆకులూ నురగా ముందు తోసుకుంటూ, ఎర్రటి నీరు ఒక సన్నటి పాయగా నడిచి వస్తోంది. చప్పుడు లేదు. తొందర లేదు. పల్లం ఉన్నచోట ఆగి, నిండి, మళ్లీ కదులుతోంది. గట్టు మీద ఇద్దరు ముగ్గురు రైతులు దానితో పాటే నడుస్తున్నారు, ఊళ్లోకి చుట్టాన్ని తీసుకొస్తున్నట్టు.

"ఎక్కడిదాకా వెళ్తాయి తాతయ్యా?"

"ఎక్కడ పొలముంటే అక్కడిదాకానమ్మా. ఏ క్లాసు నువ్వు?"

"ఆరు."

"ఏ బడి?"

"ఇంకా తెలీదు తాతయ్యా."

ఆయన హెప్సిబా వంక చూసి, ఏదో అడగబోయి, అడగకుండా దిగిపోయాడు.

* * *

రేపల్లెలో ఆ హాస్టల్ పాతది. వెడల్పాటి వరండాలు, సున్నం వేసిన గోడలు, పెరట్లో చేతిపంపు. అన్నాలు తిన్న ఆడపిల్లలు పంపు దగ్గర కంచాలు కడుగుతూ, అందరూ ఒకే పాట తలా ఒక ముక్కా పాడుకుంటున్నారు. గాలిలో ఉప్పుటేటి వాసన తగులుతోంది. ఇక్కడ మధ్యాహ్నం ఒక పట్టాన సాయంత్రమయ్యేలా లేదని హెప్సిబాకి అనిపించింది. అలా అవకపోయినా బాగుండుననిపించింది.

వార్డెన్ ప్రమీల తమ్ముడు శాలేమురాజు కన్నా బాగా పెద్దది. పెళ్లి చేసుకోలేదు. నెరిసిన జుట్టు ముడి వేసుకుని, హాస్టల్ పిల్లలందర్నీ తల్లీ అని పిలుస్తుంది. మేనకోడల్ని చూడగానే రెండు చేతులూ చాచింది.

"ఎంత పొడుగైపోయావే తల్లీ! అన్నం తిన్నావా?"

"లేదత్తా," అంది కెజియా. ఈసారి నిజమే చెప్పింది. పప్పుచారన్నం రెండుసార్లు వడ్డించుకుని తిని, పెరట్లోకి వెళ్లిపోయింది. పంపు దగ్గర, కంచాలు కడిగే పిల్లలకి కాస్త ఎడంగా, ఒక పెద్దపిల్ల తడిజుట్టు ఆరబెట్టుకుంటోంది. కెజియా వెళ్లి ఆ పిల్ల పక్కనే కూర్చుంది.

హెప్సిబా జరిగిందంతా చెప్పింది. ప్రమీల మధ్యలో ఆపకుండా విన్నది.

"మంచం ఖాళీ ఉంది," అంది చివరికి. "ఆరో తరగతిలో పిల్లలు తక్కువే. దానికిక్కడ ఏ లోటూ రాదు. కొట్టడాలూ తిట్టడాలూ ఉండవు. సోమవారం నుంచే ఉంచెయ్."

"మీరామాట అంటారనే వచ్చాను వదినగారూ. ఇక ఆయనకి చెప్పాలి."

"చెప్పు." ప్రమీల చీర కొంగు సర్దుకుంది. చాలాసేపు సర్దుకుంది. "హెప్సీ, నీకొక సంగతి చెప్పాలి. ఇంతకాలం ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నా. అక్కడ కెజియా పక్కన కూర్చుందే, ఆ పిల్ల పేరు లిడియా. పోయినేడు చేరింది. అంతకుముందు తమ్ముడి స్కూల్లో చదివింది."

"అవునా? ఆయనెప్పుడూ చెప్పలేదే."

"ఏం చెప్తాడు? వచ్చిన కొత్తలో లెక్కల పీరియడ్ అనేసరికి ఈ పిల్ల కడుపునొప్పంటూ మంచం దిగేది కాదు. డాక్టరుకి చూపించాం. ఏం లేదన్నాడు. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పింది. ఒక పరీక్షలో దానికి మార్కులు రాలేదంట. లెక్కల సార్ ఆ రోజు నుంచీ 'సున్నా' అని పిలిచేవాడంట. సున్నా, లే. సున్నా, బయటికెళ్లి నిలబడు. క్లాసు పిల్లలు నవ్వారు. తర్వాత బడంతా సున్నా అనే పిలిచింది. ఊళ్లో ఈ పిల్ల పాలు పోసే ఇళ్లవాళ్లు కూడా."

హెప్సిబా పెరట్లోకి చూసింది.

"ఆ సార్ పేరు నేనడగలేదు హెప్సీ. అదే చెప్పింది."

పెరట్లో పాట ఆగిపోయింది. కంచాలు కడగటం అయిపోయినట్టుంది. భర్త చేతులు తనకి తెలుసు. కూతురి వీపు మీద దరువు వేసే చేతులు. ఆ చేతులు ఇంకొకరి బిడ్డకి తలుపు చూపించాయంటే హెప్సిబాకి నమ్మబుద్ధి కాలేదు. కానీ ఆ పేరు పెట్టగలిగే తెలివి ఆయనకుందని మాత్రం తెలుసు. ఆయన హాస్యానికి ఇంట్లో తనూ ఎన్నోసార్లు నవ్వింది.

"వదినగారూ, కెజియా ముందు ఈ మాట..."

"నేనెందుకంటానే తల్లీ?"

* * *

సన్నగా తుంపర మొదలైన వేళకి బండి చప్పుడైంది. శాలేమురాజు! తెనాలి నుంచి మోటారు సైకిలు మీదే వచ్చాడు. చొక్కా భుజాల దగ్గర తడిసింది. వరండా మెట్లెక్కుతూనే అన్నాడు:

"ఆ స్కూలు వాళ్లకి వద్దని చెప్పేశాను హెప్సీ."

"ఏంటి?"

"మీరెళ్లాక ఇల్లు నచ్చలేదు. ఒక్కణ్ణే కూర్చుని ఆలోచించా. అది ఇష్టపడని చోట ఎలా ఉంటుంది? ఫోను చేసి వద్దని చెప్పేశా. అక్కా, మంచం ఉంటుందిగా నీ దగ్గర? ఉంచుకో దీన్ని. నువ్వు గెలిచావులే హెప్సీ."

పొద్దున ఈ మాటలు అని ఉంటే ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేది. ఇప్పుడు తలెత్తి ఆయన మొహంలోకి చూడలేకపోయింది. ప్రమీల కుర్చీ జరిపి, "కూర్చోరా తమ్ముడూ, తల తుడుచుకో," అంది.

"ఏంటి, ఎవరూ మాట్లాడరు? వద్దన్నా తప్పే, సరేనన్నా తప్పేనా?"

అప్పుడు కెజియా వచ్చింది. తుంపరలో తడిసిన పాదాల గుర్తులు వరండాలో ఒకదాని వెనక ఒకటి పడుతుంటే, వాటిని కాసేపు వెనక్కి తిరిగి చూసుకుని, తండ్రి దగ్గరకొచ్చి కుర్చీ చేతి మీద ఆనుకుంది. నిన్నటి నుంచి మాట్లాడని తండ్రి ఆ పిల్ల నుదుటి మీది తడి అరచేత్తో తుడిచాడు.

"ఇక్కడే చదువుకుంటావామ్మా? అత్త దగ్గర?"

"వద్దు నాన్నా."

"మరి? ఆ పెద్ద స్కూలు వద్దన్నాంగా."

"మీ స్కూల్‌కి వస్తా."

శాలేమురాజు నవ్వాడు. "మా స్కూలా? అందులో ఏముందే? పంకాలు కూడా తిరగవు."

"మీరున్నారుగా."

"నేనుంటే?"

కెజియా ఆయన చొక్కా బొత్తాన్ని వేలితో తిప్పుతూ అంది. కోపం లేదు ఆ గొంతులో. నిద్రలోంచి మాట్లాడుతున్నట్టు, మెల్లగా అంది.

"లిడియక్క మీ నాన్న ఏం చేస్తారంది. లెక్కల సార్ అని చెప్పా. ఏ ఊళ్లో అంది. చెప్పా. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నేనడిగితే చెప్పింది. మీరు పిల్లల్ని బయట నిలబెడతారంట. పేర్లు పెడతారంట. అక్క అబద్ధం చెప్పట్లేదు నాన్నా, నాకు తెలిసిపోద్ది. ఇంట్లో మీరెప్పుడూ అలా చెయ్యరుగా. అందుకని నేనుంటే, అక్కడ కూడా మీరు ఇంట్లోలాగే ఉంటారని."



శాలేమురాజు భార్య వంక చూశాడు. తర్వాత అక్క వంక. ఇద్దరికీ ముందే తెలుసని వాళ్ల మొహాలే చెప్పాయి ఆయనకి.

"ఎవరా లిడియా?" అన్నాడు. "నాకు గుర్తు లేదు."

"పేరు చెప్తే గుర్తురాదులే," అంది ప్రమీల. "సున్నా అంటే గుర్తొస్తుందేమో."

ఆయన చెయ్యి కెజియా నుదుటి మీద నుంచి జారిపోయింది.

"పిల్లలు బాగుపడాలనే కదక్కా," అన్నాడు కాసేపటికి. "మెత్తగా చెప్తే వింటారా? పదో తరగతి పోతే ఆ ఊళ్లో ఆడపిల్లని మర్నాడే పన్లోకి పంపుతారు. నేనలా చేశాననే ఎంతమంది గట్టెక్కారు..." మాట మధ్యలోనే ఆగిపోయింది. పొద్దున ఇంట్లోనూ ఇలాంటి మాటలే అన్నాడు. అప్పుడు బాగానే అనిపించాయి.

"నాన్నా, నేను రానా మరి?"

"వద్దు," అంది హెప్సిబా.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"వద్దు కెజియా. నాన్న మంచిగా ఉండటం కోసం నిన్ను బడికి పంపను నేను. అది నీ పని కాదు. నువ్వు చదువుకోవాలి, ఆడుకోవాలి. నాన్న పని నాన్న చేసుకోవాలి."

"ఒక్కరోజు..." అన్నాడు శాలేమురాజు. "సోమవారం ఒక్కరోజు దీన్ని తీసుకెళ్తా హెప్సీ. వచ్చి చూడనీ."

"ఆ ఒక్కరోజూ మీరు బాగానే ఉంటారండి. మర్నాడో?"

ఎంత పెద్ద లెక్కయినా బోర్డు ముందు తడుముకోని మనిషి, దారి తెలియని బాటసారిలా, వరండా చివర పడుతున్న వాన వంక చూస్తూ కూర్చున్నాడు. కెజియా తల్లి వంకా తండ్రి వంకా మార్చి మార్చి చూసింది. తను ఏం తప్పు మాట్లాడిందో ఆ పిల్లకి అర్థం కాలేదు.

ఆయన ప్రమీల వైపు తిరిగాడు.

"అక్కా, ఆ పిల్లని పిలుస్తావా?"

"ఎందుకురా?"

"పిలువక్కా."

ప్రమీల వెంటనే కదల్లేదు. "పిలుస్తా. రానంటే మాత్రం బలవంతం చెయ్యను," అని లోపలికి వెళ్లింది. హెప్సిబా కూతుర్ని దగ్గరికి లాక్కుంది. లోపల్నుంచి మాటలు వినపడ్డాయి, ఆగిపోయాయి, మళ్లీ వినపడ్డాయి. శాలేమురాజు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఏం చెప్పాలో లోలోపల అనుకుంటున్నట్టు ఆయన పెదవులు కదులుతున్నాయి.

లిడియా గుమ్మం దాటి వచ్చింది. జుట్టింకా ఆరలేదు. ఆయన్ని చూసింది. చూసిన మరుక్షణం, ఎవరూ ఏమీ చెప్పకుండానే, పక్కకి జరిగి గోడకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడింది.

శాలేమురాజు కుర్చీలోంచి లేచాడు. అంతసేపూ లోలోపల కూర్చుకున్నదంతా ఎటో పోయింది.

"లిడియా," అన్నాడు. ఆ పేరు ఆయన నోటికి అలవాటు లేదు. తాను లేచిన కుర్చీనే ఆ పిల్ల వైపు తిప్పాడు. "కూర్చోమ్మా."

లిడియా కూర్చోలేదు.